నీళ్లలో మాట

గానెట్ బే ఊళ్లో లియోనీ గారిక్ నోరు మూసుకుని ఉండగా చూసినవాళ్లు లేరు. చేపల సహకార సంఘం దుకాణంలో కోతబల్ల వెనక నిలబడి చేతిలో కత్తి ఎంతసేపు ఆడిస్తుందో అంతసేపూ నోరూ ఆడిస్తుంది. కొనడానికి వచ్చినవాళ్ల కుక్క పేరు దగ్గర మొదలుపెడితే, చేపను కాగితంలో చుట్టి ఇచ్చేసరికి వాళ్ల అత్తగారి మోకాళ్ల నొప్పుల దాకా వెళ్తుంది. "దాన్ని నీళ్లలో ముంచినా నోరు మూతపడదు" అని ఊరంతా అనే మాటే. అన్నవాళ్లలో ఒక్కరూ ఆమెను ముంచి చూడలేదు. చూసిన మొదటి మనిషి కాలమ్. చూశాక అతనికి అర్థమైందేమిటంటే, ఆ నోరు మూతపడే చోటు ప్రపంచం మొత్తం మీద అదొక్కటే.

కాలమ్ బడిలో ఆటల మాస్టారు. ప్రతి వేసవిలోనూ, మొదటిసారి ట్రయథ్లాన్‌లో దిగేవాళ్లను పోగుచేసి తర్ఫీదు ఇస్తాడు. ఈసారి ఆరుగురు ఆడవాళ్లు. మంగళవారం పొద్దున, సముద్రం ఒడ్డున రాళ్లు తొలిచి కట్టిన ఈతకొలనులో నడుముల దాకా నీళ్లలో, చలికి భుజాలు ముడుచుకుని వరసగా నిలబడ్డారు. పోటీ ఆదివారం. ముందు సముద్రంలో మూడువందల మీటర్ల ఈత, ఒడ్డుకు రాగానే సైకిలు, సైకిలు దిగగానే పరుగు. లియోనీకి సైకిలంటే లెక్క లేదు, దుకాణానికి రోజూ దాని మీదే వస్తుంది. పరుగు కాస్త నడకలా ఉన్నా ఎవరూ తప్పు పట్టరు. చిక్కంతా ఈతతోనే వచ్చింది.

"గాలి ఎలా పీల్చాలో మర్చిపోండి," అన్నాడు కాలమ్. "ఎలా వదలాలో చూడండి. మొహం నీళ్లలో ఉన్నంతసేపూ బుడగలు వస్తూనే ఉండాలి. పాత గాలి లోపలే పెట్టుకుంటే, తల పక్కకి తిప్పినప్పుడు కొత్తది ఎక్కడికి పోతుంది?"

"నాకు చోటుకేం తక్కువ అబ్బాయ్," అంది లియోనీ. "చిన్నప్పుడు నేను వీధి ఈ చివర నుంచి పిలిస్తే, ఆ చివర పోస్టుమాన్ సైకిలు దిగేవాడు. మా అమ్మయితే..."

"లియోనీ. బుడగలు."

"వస్తున్నానయ్యా. మా అమ్మ సంగతి తరవాత చెప్తాను."

ఈత కళ్లద్దాలు సర్దుకుని, గట్టిగా గాలి పీల్చి, గోడను తన్ని ముందుకు జారింది. మొహం నీళ్లను తాకగానే పెదవులు వేడి తగలని ఆల్చిప్పలా బిగుసుకుపోయాయి. చేతులు మాత్రం ముచ్చటగా పడుతున్నాయి. పాతికేళ్లుగా పెద్ద పెద్ద చేపలను తిరగేసిన భుజాలు అవి, వాటికి బలం ఎవరూ నేర్పనక్కర్లేదు. కానీ బుడగ లేదు. తల తిప్పింది. లోపల నిండుగా ఉన్న గాలి కొత్త గాలిని రానివ్వలేదు. ఇంకో రెండు బారలు వేసింది. కొలను మధ్యలో కట్టిన తాడును రెండు చేతులా పట్టుకుని వేలాడింది.

ఆ ఆరుగురిలోనే ఉన్న పెట్రా ఆమె పక్కనుంచి వెళ్లిపోయింది. కొలను అడుగున పూసిన నల్లగీత మీద చూపు నిలిపి, చప్పుడు లేకుండా, చివరిదాకా వెళ్లి తిరిగి వస్తోంది. సిడ్నీలో పుట్టి పెరిగిన పిల్ల, పోయినేడాది ఈ ఊరి గ్రంథాలయంలో ఉద్యోగానికి వచ్చింది. మోకాలు దెబ్బతిని పరుగెత్తలేకపోయినా, ఈతంటే ప్రాణం.

గోడ మీద కూర్చుని రోజూ ఎండకు కాచుకునే ముసలాయన ఒకడు అరిచాడు. "ఏం లియోనీ, మాట వినపడట్లేదు. బతికే ఉన్నావా?"

"నిన్ను పాతిపెట్టేదాకా బతికే ఉంటాను, కంగారుపడకు," అంది తాడు వదలకుండానే. అందరూ నవ్వారు. నవ్వులు ఆగాక కూడా ఆమె తాడు వదల్లేదు. ఆ సంగతి కాలమ్ చూశాడు.

ఎండెక్కాక కాలమ్ అందర్నీ గట్టు మీద కూర్చోబెట్టి సముద్రం సంగతి చెప్పాడు. అక్కడ నల్లగీత ఉండదు, నాలుగు బారలకొకసారి కళ్లు మాత్రం పైకెత్తి దారి గుర్తుగా నీళ్ల మీద తేలే నారింజరంగు బుంగ ఎక్కడుందో చూసుకోవాలి. మొదట్లో అందరూ ఎగబడతారు, పక్కగా, వెనకగా నిలబడాలి. అలిసిపోతే వెల్లకిలా తేలవచ్చు. మరీ భయమేస్తే చెయ్యి పైకెత్తితే లైఫ్‌గార్డు తేలే బోర్డు మీద వస్తారు.

"బోర్డు పట్టుకుంటే పోటీ పోయినట్టేగా?" అని అడిగిందొకావిడ.

"పోదు. ఎంతసేపైనా పట్టుకోవచ్చు. బోర్డు ముందుకి కదలకూడదు, అంతే. కదిలితే పోయినట్టు."

లియోనీ ఆ మాట విననట్టే తువ్వాలుతో చెవులు తుడుచుకుంది.

ఆ మధ్యాహ్నం దుకాణంలో స్నాపర్ చేపల పొలుసు గీకుతుంటే డోరీన్ వచ్చింది. డోరీన్ మొగుడూ చేపల పడవవాడే. ఊరి మాటలన్నిటికీ లియోనీ ఒక రేవైతే ఆవిడ ఇంకొకటి.

"ఆదివారం నిజంగానే దిగుతున్నావా? నేను నమ్మలేదులే. ఇరవయ్యేళ్లలో నీ మోకాలు తడవగా చూళ్లేదు నేను."

"రెండు స్నాపర్లా, మూడా?"

"రెండు చాలు. తల తియ్యకు, పులుసుకి కావాలి. అయినా ఎందుకొచ్చిన గొడవ లియోనీ, ఈ వయసులో? వచ్చినవాళ్లందరికీ చెప్పేశావు, ఇప్పుడు వెనక్కి తీసుకోలేవు, అంతేనా?"

లియోనీ కత్తి మొన మొప్పల కింద దూర్చి, ఒక్క తిప్పులో ఎర్రటి మొప్పలు లాగి బాల్చీలో పడేసింది. పొట్ట చీల్చి, బొటనవేలితో వెన్ను వెంబడి నల్లటి నెత్తురు గీకి, చల్లనీళ్ల కింద పెట్టింది.

"నీకు చెప్పేదేముందిలే," అంది డోరీన్, నీళ్ల చప్పుడు మీదుగా. "నీ నోటికి మేత దొరుకుతుందంటే నువ్వు ఏదైనా చేస్తావు. ఆ రోజు చూశాంగా. మీ ఆయన రాస్ పడవ కబురు లేకుండా పోయిన రోజు. రేవు మీద మేమందరం నోట మాట రాక నిలబడితే, నువ్వేమో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా లొడలొడా మాట్లాడుతూనే ఉన్నావు. గాలి సంగతి, ఇంజను నూనె సంగతి, ఎవరో పెళ్లిలో కేకు సంగతి. మనసు రాయైతేగాని అలా ఉండలేరు అనుకున్నాం. చెడ్డగా అనట్లేదులే."

"నాకు తెలుసులే," అంది లియోనీ. చేపలను కాగితంలో చుట్టి, దారం కట్టి, మూట చేతికిచ్చింది.

ఆ మాట ఆమెకు కొత్త కాదు. రెండేళ్లుగా ఏదో రూపంలో వింటూనే ఉంది. మర్నాడు చీకటిపడే వేళ ఇంకో పడవ తాడు కట్టి లాక్కురాగా తిరిగొచ్చిన రాస్ కూడా, రేవులో ఎవరో చెప్పగా విని, ఇంటికొచ్చి బూట్లు విప్పుతూ అడిగాడు. "అంతసేపూ ఏం మాట్లాడావ్?" అని. కోపంగా అడగలేదు. తెలుసుకోవాలని అడిగాడు. ఊళ్లో ఏ ప్రశ్నకైనా జవాబుండే లియోనీకి దానికి మాత్రం జవాబు దొరకలేదు. అతను ఇంకోసారి అడగలేదు. రాస్ మాట తక్కువ మనిషి, ఏదైనా ఒక్కసారే అడుగుతాడు.

అందుకే ఈ పోటీ. పోటీ అని పేరే గాని ఆమెకు గెలుపూ వద్దు, పతకమూ వద్దు. తన మొగుణ్ణి ఒక రాత్రి అట్టేపెట్టుకున్న ఆ నీళ్లలోకి తన కాళ్లతో తను దిగి, తన చేతులతో తను బయటపడాలి. దిగకపోతే ఆ నీళ్లకు జన్మంతా భయపడుతూనే ఉండాలి, ఆ భయం మీద మాటలు కప్పుతూనే ఉండాలి. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. అంత మాట్లాడే మనిషి ఆ ఒక్కటి మాత్రం చెప్పలేదు.

గురువారం పొద్దున కొలను దగ్గరికి వెళ్లేసరికి కాలమ్ గట్టు మీదే ఎదురొచ్చాడు. మెడ గోక్కుంటున్నాడు. ఎదుటివాళ్లకు నచ్చని మాట చెప్పబోయేటప్పుడు కుర్రాళ్లు అలాగే చేస్తారు.

"లియోనీ, మీ పేరు జట్టు పోటీలోకి మార్చాను. ఈత పెట్రా చేస్తుంది, సైకిలూ పరుగూ మీరు. తనెలాగూ పరుగెత్తలేదు. ఇద్దరికీ బాగుంటుంది కదా. పతకం ఇద్దరికీ ఇస్తారు."

లియోనీ భుజం మీది తువ్వాలు గట్టు మీద పడేసింది.

"నన్నడిగావా?"

"అడుగుదామనే... మీ మంచికే. సముద్రంలో తాడుండదు కదా."

వెనక పెట్రా మొహం ఎర్రబడింది. "మీకు తెలుసనుకున్నాను లియోనీ. నాకు చెప్పినప్పుడు మీరు ఒప్పుకున్నారనే అనుకున్నాను."

అంటే పెట్రాకు తెలుసు. పెట్రాతో పాటు మిగిలిన నలుగురూ తువ్వాళ్లు మడతపెట్టుకుంటూ ఎటో చూస్తున్నారంటే వాళ్లకూ తెలుసు. దుకాణంలో తాను ఇంకా "ఆదివారం ఈదుతున్నాను" అని చెప్పుకుంటుంటే ఇంతమంది పక్కనుంచి తలలూపారు. ఆ కుర్రాడి చెంప పగలగొట్టాలనిపించింది. అతను మంచివాడు, నిజంగానే ఆమె మంచి కోరాడు. మంచివాణ్ణి తిట్టలేకపోవడం అంత చిరాకు లోకంలో ఇంకోటి లేదు. అప్పుడే బడి పిల్లలు కూడా వరసకట్టి కొలనులోకి వస్తున్నారు. వాళ్ల ముందు నోరు చేసుకోలేక, కళ్లద్దాలు తగిలించుకుని, నీళ్లలోకి దిగి, గోడను తన్నింది. మొహం మునగగానే, ఎవరికీ వినపడదు కదా అని, నోరు తెరిచింది.

కాలమ్ నాయనా, నన్నడక్కుండా నా పేరు మార్చడానికి నువ్వెవడివిరా. తల పక్కకు తిరిగింది, గాలి లోపలికి వెళ్లింది, మళ్లీ మొహం మునిగింది. నీ మెడ గోకుడు పాడుగాను. ఈ ఊరి సముద్రపుకాకులన్నీ కలిసి నీ కారు మీద రెట్టలెయ్య. తల తిరిగింది. ఇంకో గుక్క. తాడుండదంట తాడు, ఆ తాడు నీ... పిల్లలు చూస్తున్నారు కాబట్టి సరిపోయింది. డోరీనూ, నువ్వూ వినవే. మనసు రాయంట. నీ స్నాపర్ తలలో ముల్లు నీ మొగుడికే గుచ్చుకోను. ఇంకో గుక్క.

చేతికి రాయి తగిలింది. ఇంకా సగం తిట్లు మిగిలే ఉండగా రాయి ఎక్కడిదా అని తలెత్తింది. అది కొలను అవతలి గోడ.

గట్టు వెంట పరుగెత్తుకుంటూ వచ్చిన కాలమ్ మోకాళ్ల మీద కూర్చున్నాడు. "ఏం చేశారు? ఆ చివర నుంచి ఈ చివర దాకా బుడగలే. ఏం చేశారసలు?"

"మాట్లాడుకున్నాను," అంది లియోనీ ఆయాసపడుతూ.

"ఎవరితో?"

"నీతోనే అబ్బాయ్. నువ్వు వినకపోవడమే మంచిదైంది."

అతను నవ్వాలో వద్దో తేల్చుకోలేక, మెడ మీదికి వెళ్లబోయిన చేతిని దించేశాడు. "వెనక్కి కూడా వెళ్తారా?"

వెనక్కి వెళ్లేటప్పుడు తిట్లు అయిపోయాయి. దాంతో ఆ వారం చేపల రకాలూ ధరలూ వరసగా చెప్పుకుంటూ వెళ్లింది. మధ్యలో ఒకసారి తాడు చేతికి తగిలింది గాని పట్టుకోలేదు. పెట్రా నీళ్లలోనే చప్పట్లు కొట్టి, "నేను ఇంకెవరితోనైనా చేరతాను, నా గురించి చూడకండి," అంది. పేరు మళ్లీ మార్చడానికి కాలమ్ ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటూనే, "జట్టులోకి మార్చడం నా అంతట నేను అనుకున్నది కాదు లియోనీ," అన్నాడు మెల్లగా. అప్పుడామె చెవుల్లో నీళ్లున్నాయి, ఆనందంలో ఉంది, సరిగా పట్టించుకోలేదు.

శనివారం మధ్యాహ్నం ఇంటి వెనక షెడ్డులో రాస్ రొయ్యల వల బాగుచేస్తున్నాడు. దూలానికి వల వేలాడదీసి, బోర్లించిన పెట్టె మీద కూర్చుని, చెక్కసూదితో తెగిన వలకన్నులు అల్లుతున్నాడు. వల రెండో కొస బిగువుగా పట్టుకోవడం లియోనీ పని. ఏళ్ల తరబడి శనివారాలు అలాగే గడిచాయి, అతను అల్లుతాడు, ఆమె పట్టుకుని మాట్లాడుతుంది.

"...కొలను ఆ చివరికీ ఈ చివరికీ, తాడు ముట్టుకోకుండా. నమ్మవు కదూ. ఆ కాలమ్ మొహం చూడాలి నువ్వు. అసలు నా బదులు ఇంకోళ్ల చేత ఈదించాలని చూశాడు రాస్, నాతో మాట కూడా చెప్పకుండా. ఎంత ధైర్యం. నేను కుదరదన్నాను."

రాస్ ముడి బిగించి, దారం పళ్లతో కొరికాడు. "రేపు దక్షిణపు గాలి. అల లేస్తుంది."

"లేవనీ."

"ఆ పెట్రా ఈదితే ఏం పోయింది? పెద్ద పెద్ద కొలనుల్లో ఈదిన పిల్లంట కదా."

లియోనీ ఇంకో మాట మొదలుపెట్టబోయి ఆగింది. వల కొస ఆమె చేతుల్లో సడలింది.

"పెట్రా పేరు నేను చెప్పలేదు."

చెక్కసూది ఒక కన్నులో సగం దూరి నిలిచిపోయింది.

"రాస్. కాలమ్ దగ్గరికి వెళ్లింది నువ్వేనా?"

"వల సడలింది, లాగు."

"నేనడిగింది వల సంగతి కాదు."

అతను సూదిని బయటికి లాగి, దానికి చుట్టిన దారం వంక చూస్తూ, "నేనే," అన్నాడు. అంతే. ఎందుకో చెప్పలేదు.

లియోనీ వల కొసను మేకుకు తగిలించి ఇంట్లోకి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం మాంసం ముక్కలు వేయించి, బంగాళాదుంపలు ఉడికించి మెదిపి, రెండు పళ్లేల్లో పెట్టింది. ఫోర్కుల చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం రాస్ ఎన్నడూ ఎరగడు. కాసేపటికి లేచి, తనంతట తను రేడియో పెట్టాడు. ఏం వస్తోందో ఇద్దరూ వినలేదు. ఊరంతా తనను నోటి మనిషి అన్నా, చేతగానిది అన్నా, ఈ ఒక్కడు అనుకోడనే నమ్మకంతో ఇన్నేళ్లూ బతికింది ఆమె. అదే విరిగింది.

ఆదివారం పొద్దున గాలి దక్షిణం నుంచే వచ్చింది. సముద్రం బూడిదరంగులో ఎత్తుగా ఊగుతోంది. మొదటిసారి పోటీలో దిగేవాళ్లందరికీ గులాబీరంగు టోపీలిచ్చారు. కాలమ్ ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి టోపీ కిందకి జుట్టు దూర్చాడు. "పక్కగా నిలబడండి. తోసుకెళ్లేవాళ్లని పోనివ్వండి. మాట్లాడటం మర్చిపోకండి లియోనీ."

రాస్ ఎక్కడో జనంలో ఉన్నాడు. ఆమె వెతకలేదు.

కూత మోగింది. ఆడవాళ్లంతా గుంపుగా నీళ్లలోకి పరుగెత్తారు. ఎవరి మడమో భుజానికి తగిలింది, ఎవరి చెయ్యో కళ్లద్దాల మీద పడింది. లియోనీ పక్కకు తప్పుకుని, అందరూ వెళ్లాక, మొహం ముంచి నోరు తెరిచింది. ఈసారి తిట్లు తడుముకోనక్కర్లేదు. రాస్ గారిక్, ఇరవయ్యారేళ్లు నీ వల పట్టుకున్నాను. గుక్క. నా వెనకాల వెళ్లి ఆ కుర్రాడి చెవిలో ఊదుతావా. గుక్క. నేను మునిగిపోతాననుకున్నావా, నీ పరువు మునిగిపోతుందనుకున్నావా. కళ్లు పైకెత్తింది, బుంగ అక్కడే ఉంది. తిట్టుకుంటూ తిట్టుకుంటూ మొదటి బుంగ చుట్టి వచ్చింది.

అక్కడ కోపం అయిపోయింది. ఎంత కోపమైనా కొలనుకు సరిపోతుందేమో గాని సముద్రానికి సరిపోదు. సరిగ్గా అప్పుడే గాలి కోసం తిప్పిన నోట్లోకి అల కొట్టింది. ఉప్పునీళ్లు మింగింది, దగ్గింది, దగ్గుతూనే పెదవులు బిగించేసింది. మళ్లీ అదే. లోపల గాలి రాయిలా కూర్చుంది. కళ్లెత్తితే బుంగ లేదు, నీటి గోడ ఉంది. కింద చూస్తే గీత లేదు, అడుగే లేదు, ఆకుపచ్చటి చీకటి ఉంది. చెయ్యి పైకెత్తింది.

ముక్కు మీద తెల్లటి మందు పూసుకున్న లైఫ్‌గార్డు ఒకామె బోర్డు తోసుకుంటూ వచ్చింది. "పట్టుకో అక్కా. ముందు ఊపిరి తీసుకో. ఒడ్డుకి తీసుకెళ్లనా?"

"తీసుకెళ్తే పోయినట్టే కదా."

"అవును."

"పట్టుకుంటే?"

"పట్టుకుంటే పట్టుకున్నట్టే. నేను మాత్రం కదలను."

లియోనీ బోర్డు అంచు పట్టుకుని వేలాడింది. అల ఎత్తినప్పుడు ఒడ్డు కనబడింది, దించినప్పుడు పోయింది. మళ్లీ ఎత్తింది. ఇసుక మీద జనం వరుస, దానికి చాలా ముందుగా, నీళ్లలోనే, ఒక పసుపుపచ్చ వానకోటు. పడవ మీద రాస్ వేసుకునే కోటు అది. ఇంకెవరూ నీళ్లలోకి రాలేదు, అతనొక్కడే తొడల దాకా దిగి నిలబడ్డాడు. అల దించింది. మళ్లీ ఎత్తినప్పుడు కోటు ఇంకాస్త ముందుకొచ్చింది. వెనక నుంచి ఎవరో దాన్ని పట్టి లాగుతున్నారు.

ఆ రాత్రి ఈయన ఇలాగే ఒడ్డు కోసం చూసి ఉంటాడు అనుకుంది. ఈయనకి ఒడ్డు కూడా కనబడి ఉండదు.

"వెళ్తాను," అంది.

"నిజంగానా?"

"ఒక మాట చెప్పాల్సి ఉంది," అని బోర్డు వదిలింది.

మొహం ముంచి, ఎవరికీ చెప్పనిది నీళ్లకు చెప్పింది. ఆ రోజు నాకు భయమేసింది రాస్. గుక్క. నోరు మూస్తే ఏడుపొస్తుందని మూయలేదు. గుక్క. గాలి సంగతీ కేకు సంగతీ నాకెందుకు, ఏదో ఒకటి చెప్తూ ఉంటే నువ్వు ఇంకా ఉన్నట్టే అనిపించింది. కళ్లెత్తింది, రెండో బుంగ పక్కనే ఉంది. ఆగితే ఎవరో వచ్చి, పోయాడని చెప్తారనిపించింది. గుక్క. ఎవరి మాటా రానివ్వకుండా నేనే మాట్లాడాను. గుక్క. ఆ రాత్రంతా ఇంట్లో గోడలతో కూడా మాట్లాడాను, అది డోరీన్ చూళ్లేదు. చెప్పిందే మళ్లీ చెప్పింది. చెప్పడానికి ఇంకేం లేనప్పుడు అతని పేరు ఒక్కటే, బారకొకసారి, బుడగలుగా వదిలింది. ఎంతసేపో తెలియదు. వేళ్లకు ఇసుక తగిలింది.

లేచి నిలబడింది. గులాబీ టోపీల్లో ఆమెదే ఆఖరు. చప్పట్లు వినపడుతున్నాయి, వాటన్నిటి మీదుగా ఒక బొంగురు గొంతు వినపడుతోంది, ఆగకుండా, ఊపిరి తీసుకోకుండా.

"...ఎడమ చెయ్యి కాస్త పొట్టిగా వేస్తుంది, చిన్నప్పుడు చెట్టు మీంచి పడింది కదా, అందుకే అటు పోతుంది. దక్షిణపు నీరు కూడా అటే లాగుతుంది, నేను నిన్ననే చెప్పాను. వల కూడా చాలా బిగువుగా పట్టుకుంటుంది, మా ఇంట్లో ఇంకెవరూ అలా పట్టలేరు. పొద్దున టీ కూడా సరిగా తాగలేదు..."

పసుపు కోటులో, తొడల దాకా తడిసి, ఎవరో ముక్కూ మొహం తెలియని పెద్దమనిషి మోచెయ్యి పట్టుకుని రాస్ చెప్తున్నాడు. ఆ పెద్దమనిషి తప్పించుకునే దారి లేక తలూపుతున్నాడు. రెండో పక్క కోటు కొస పట్టుకుని కాలమ్, అతని వెనక డోరీన్.

"నువ్వు దిగిన దగ్గర్నుంచీ ఇదే వరస," అంది డోరీన్, బిత్తరపోయి. "నేను పుట్టి బుద్ధెరిగి రాస్ నోట ఇన్ని మాటలు వినలేదు. ఆపమంటే ఆపడే."

లియోనీకి మాట రాలేదు. ఉన్నవన్నీ నీళ్లలో చెప్పేసి వచ్చింది. తాళ్లు కట్టిన దారి వెంట సైకిళ్ల వైపు నడుస్తుంటే, తాడుకు ఇవతల రాస్ ఆమెతో సమానంగా నడిచాడు. బూట్లలోంచి నీళ్లు పిచికారీలా చిమ్ముతున్నాయి. మాట్లాడుతూనే ఉన్నాడు. సైకిలు గాలి చూశాడంట, గొలుసుకు నూనె వేశాడంట, అల ఎత్తినప్పుడు గులాబీ టోపీ కనబడిందంట, దించినప్పుడు కనబడలేదంట, కనబడలేదంట.

ఆమె ఆగి, తాడు మీద చెయ్యేసింది.

"అంతసేపూ ఏం మాట్లాడావ్ రాస్?"

అతను తన నోటి వైపు తనే చూసుకోబోతున్నట్టు తల వంచాడు.

"ఏమో. ఆపితే నువ్వు మునిగిపోతావనిపించింది."

అన్నాక ఆ మాట అతని చెవిన పడింది. "లియోనీ," అన్నాడు. "ఆ రోజు రేవు మీద..." అని, తాడు మీద తనూ చెయ్యేశాడు. వెనకే వచ్చిన డోరీన్ తన భుజం మీది తువ్వాలు తీసి లియోనీ వీపు మీద కప్పింది.

"కాలమ్ దగ్గరికి ఆ భయంతోనే వెళ్లాను," అన్నాడు రాస్.

"తెలిసింది." లియోనీ తువ్వాలు తిరిగి ఇచ్చేసి, మొహం మీది ఉప్పునీళ్లు తుడుచుకుంది. ఇంకా సైకిలుంది, పరుగుంది, ఆమె ముందు ఒక్కరూ కనబడటం లేదు. "సైకిలు అల్లంత దూరం ఉంది. అక్కడిదాకా మాట్లాడుతూ రా."

"ఏం మాట్లాడను?"

"ఏదో ఒకటి," అంది. అతను గొలుసు నూనె సంగతి మళ్లీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు. ఆమె వింటూ నడిచింది.